61వ పేజీ దగ్గర ఆగిపోయాక: నా అనుభవం

2025 జనవరి 5, ఆదివారం. విజయవాడ పుస్తక మహోత్సవానికి ఇందిరాగాంధీ స్టేడియంకి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. పాప మిరపకాయ బజ్జీలు తింది, మా ఆవిడ సంక్రాంతి వస్తోంది కదా అని ముగ్గుల పుస్తకం కొనుక్కుంది, నేను పది శాతం తగ్గింపు పోను 2,150 రూపాయలు పెట్టి ఏడు పుస్తకాలు కొన్నాను. సంచీ బరువుకి వేళ్ళు ఎర్రగా కందిపోయాయి గానీ ఆ రోజు చాలా గర్వంగా ఉంది. ఏదో అప్పటికే చదివేసినట్టు.

నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో అకౌంట్స్ చూస్తాను, పద్నాలుగేళ్ళుగా. కాబట్టి ఆ రాత్రి నేను చేసిన మొదటి పని చదవడం కాదు, ఎక్సెల్ షీటు తయారు చేయడం. తేదీ, చదివిన పేజీలు, చదవాల్సిన పేజీలు, బకాయి. రోజుకి 30 పేజీలు, ఏడాదికి 24 పుస్తకాలు. మొదటి పుస్తకంగా అందరూ చదివి తీరాలి అనే ఒక వెయ్యి పేజీల నవల పెట్టుకున్నాను, ఎందుకంటే పెద్దది ముందు అయిపోతే మిగతావి తేలికవుతాయని లెక్క. ఇంతకంటే తెలివితక్కువ లెక్క నేను పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ వేయలేదు.

మొదటి రోజు 22 పేజీలు. రెండో రోజు 14. మూడో రోజు మా బావమరిది వాళ్ళొచ్చారు. తర్వాత ఇంకో 11 పేజీలు అయ్యాయో లేదో, భోగి, సంక్రాంతి, కనుమ. పండగ అయ్యాక 16న షీటు తెరిస్తే బకాయి 283 పేజీలని చూపించింది. వసూలు కాని బాకీలు రోజంతా చూసే మనిషిని, రాత్రి ఇంటికొచ్చి నా బాకీ నేనే చూసుకోవడం ఎంత చిరాగ్గా ఉంటుందో చెప్పలేను. జనవరి 23కి 61వ పేజీ, బకాయి 479. ఆ రోజు షీటు మూసేశాను. ఓ వారం తర్వాత మా ఆవిడ, "ఏవండీ, ఆ పుస్తకాలు షోకేసులో పెట్టేయనా, దుమ్ము పడుతున్నాయి" అంది. ఎత్తిపొడవడానికి అనలేదు, మామూలుగానే అడిగింది. నాకే గుచ్చుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు నేను చదివేవాడినే. గుడివాడ దగ్గర మా ఊళ్ళో అద్దె పుస్తకాల షాపు ఉండేది, రోజుకి అర్ధరూపాయి, అట్టలు పోయి, చివరి పేజీలు లేని డిటెక్టివ్ నవలలు ఎన్ని చదివానో, హంతకుడు ఎవరో ఇప్పటికీ తెలియని నవలలు ఓ పది ఉంటాయి. తర్వాత ఇంటర్‌కి హాస్టల్లో వేశారు. పరుపు కింద దొరికిన నవల వార్డెన్ చించేశాడు. అంతే, ఇరవై ఆరేళ్ళ పాటు పరీక్షకో ఉద్యోగానికో తప్ప పుస్తకం పట్టుకోలేదు. అందుకే ఇప్పుడు చేతకాకపోతే నాలో ఏదో చెడిపోయిందనే అనుకున్నాను. ఫోను వల్ల బుర్ర పాడైపోయిందని. ఫోనులో చూస్తే రోజుకి 4 గంటల 38 నిమిషాలు అని వచ్చింది, పాడైంది నిజమే అనిపించింది.

ఫిబ్రవరిలో ఆడియో పుస్తకాలు ప్రయత్నించాను. బండి మీద వెళ్తూ ఒక చెవిలో పెట్టుకుని. మూడో రోజు బెంజి సర్కిల్ దగ్గర కథలో పెళ్ళి ఆగిపోయే చోట నేను మాత్రం ఆగకుండా ముందున్న ఆటోకి తగిలించబోయాను. ఆటో ఆయన తిట్టిన తిట్లు కథ కంటే బాగా గుర్తున్నాయి. ఆడియో మంచిదే, కాకపోతే బండి మీద వద్దు.

అసలు మలుపు మార్చిలో వచ్చింది, అదీ పుస్తకాల వల్ల కాదు. ఏడాది చివరి లెక్కలు, రోజూ సాయంత్రానికి కనుబొమల పైన నొప్పి. మా ఆవిడ పోరు పడలేక మార్చి 8, శనివారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఫీజు 400, బయట కూర్చున్నది రెండు గంటల పది నిమిషాలు. లోపల ఆయన ఒక అట్టముక్క చేతికిచ్చి చదవమన్నారు. నేను చదువుతున్నాను, ఆయన అక్షరాలు చూడట్లేదు, నా మోచెయ్యి చూస్తున్నారు. "పేపరు ఎప్పటినుంచి ఇంత దూరం పట్టుకుంటున్నారు?" అన్నారు. అప్పుడు చూసుకున్నాను, చెయ్యి దాదాపు పూర్తిగా చాపి ఉంది.

చత్వారం. 43 ఏళ్ళకి వచ్చేది వచ్చింది. రెండు కళ్ళకీ ప్లస్ 1.25.

మా నాన్నకి చత్వారం వచ్చినప్పుడు ఆయన ముసలాయన అని నాకు గట్టిగా గుర్తు, లెక్క వేస్తే ఆయనకప్పుడు 45. బయటికొచ్చి బండి దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను. ఒక పక్క దిగులు, ఇంకో పక్క నవ్వు. ఎందుకంటే రెండు నెలలుగా ఏకాగ్రత లేదు, సంకల్పబలం లేదు, తరం మారిపోయింది అని ఎన్ని అనుకున్నానో, తీరా చూస్తే కనపడక చదవలేకపోయాను. ఫోనులో అయితే అక్షరాలు పెద్దవి చేసుకుంటాం, తెలియకుండానే. పుస్తకంలో అక్షరం పెద్దదవదు కదా.

కళ్ళజోడు ఫ్రేముతో కలిపి 1,900, నాలుగు రోజులకి ఇచ్చారు. ఆ రాత్రి షోకేసులోంచి ఆ లావు నవలే తీసి 61వ పేజీ చూశాను. ఒత్తులు! అన్నిటికంటే ముందు కనపడినవి ఒత్తులు. తెలుగులో అసలు తంటా అక్కడే ఉంది. పైన అక్షరం లావుగానే ఉంటుంది, కింద వేలాడే ఒత్తు చీమ తలకాయంత. బుద్ధికి 'ధ' ఒత్తా 'ద' ఒత్తా, ఇన్నాళ్ళూ నేను చూసి చదవలేదు, ఊహించి చదివాను. ప్రతి వాక్యానికీ రెండు మూడు ఊహలు. పది పేజీలకే అలసిపోయానంటే మరి అలసిపోనా? నలభై దాటి, "ఈమధ్య చదవలేకపోతున్నాను" అనేవాళ్ళు ఎవరైనా ఉంటే, మిగతా సలహాలన్నీ తర్వాత, ముందు కళ్ళు చూపించుకోండి.

ఇంకో చిన్న విషయం. ఒక జత సరిపోదు. ఇంట్లో ఉన్నప్పుడు అది షాపులో ఉంటుంది, షాపులో ఉన్నప్పుడు ఇంట్లో ఉంటుంది. రెండు కళ్ళకీ ఒకే పవర్ కాబట్టి రెడీమేడ్‌వి పర్వాలేదని డాక్టరు చెప్పాక 150 చొప్పున ఇంకో రెండు కొన్నాను. ఒకటి మంచం పక్కన, ఒకటి బండి డిక్కీలో.

కళ్ళు కుదిరాయి గానీ అలవాటు అవలేదు. ఆ లావు నవల మళ్ళీ మొదలుపెడితే మొదటి 61 పేజీల్లో ఎవరెవరో మర్చిపోయాను. ఏప్రిల్‌లో ఒక ఆదివారం లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వైపు వెళ్ళాను. పాప స్కూలు గైడ్లు కొనడానికి వెళ్ళాను, పుస్తకాల కోసం కాదు. షాపాయనతో మాటల్లో చెప్పేశాను, చదవాలని ఉంది, కుదరట్లేదు అని. "సార్, మీరు భోజనం మానేసిన మనిషికి విస్తరి నిండా వడ్డించుకున్నారు. ముందు ఇడ్లీ తినండి" అని నవ్వి, లోపలికెళ్ళి ఒక పుస్తకం తెచ్చి దుమ్ము కొట్టి ఇచ్చాడు. సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు'. నూరు కథలు, ప్రతి కథకీ బాపు బొమ్మ, చాలా కథలు మూడు నాలుగు పేజీలకి మించవు. 150 అన్నాడు, 120కి ఇచ్చాడు. పేరు ఎప్పుడూ వింటున్నదే. విజయవాడకి గంట ప్రయాణంలో ఉన్న అమరావతికి ఎన్నిసార్లు వెళ్ళానో, ఆ పుస్తకం మాత్రం ఎప్పుడూ తెరవలేదు.

పాత పుస్తకం కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. లోపల వెండిపురుగులు ఉన్నాయని మేడ మీద మండుటెండలో మూడు గంటలు పెట్టాను. పురుగులు పోయాయి, అట్ట అప్పడంలా వంకర తిరిగింది. గాలి తగిలే నీడ చాలట, మా ఆవిడ చెప్పింది, ఆరబెట్టాక.

ఇక సమయం. ఇంట్లో నాకు సమయం లేదని అనుకునేవాడిని. కానీ సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరు నుంచి ఏడుం పావు దాకా పాపకి సత్యనారాయణపురంలో సంగీతం క్లాసు. దింపి, మళ్ళీ ఇంటికెళ్ళి రావడం దండగని బయటే బండి మీద కూర్చుని ఫోను చూస్తూ ఉంటాను. వారానికి మూడు గంటల ముప్పావు! ఇది ఇన్నాళ్ళూ నా లెక్కల్లోకి ఎందుకు రాలేదో అర్థం కాదు.

ఏప్రిల్ 21, సోమవారం పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. మొదటి కథ నాలుగు పేజీలు లేదు, చదవడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. ఎందుకంటే పేజీ తిప్పినప్పుడల్లా చెయ్యి జేబులోకి వెళ్ళిపోతోంది. నేను పంపించట్లేదు, అదే వెళ్తోంది. ఫోను మోగలేదు, ఏం రాలేదు, అయినా తీసి చూసి మళ్ళీ పెట్టడం. బుధవారం ఫోను డిక్కీలో పెట్టి తాళం వేసి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, ఆ బండి మీదే కూర్చున్నాను. ఫోను చూడాలంటే నేను లేవాలి, సీటు ఎత్తాలి, పక్కవాళ్ళు చూస్తారు. ఆ కాస్త బద్ధకం చాలు, బద్ధకం నాకు పనికొచ్చింది జీవితంలో అదొక్కసారే. కాకపోతే ఆ రోజే కళ్ళజోడు కూడా డిక్కీలోనే పెట్టేశాను, లేవక తప్పలేదు.

అక్కడ మిగతా తల్లిదండ్రులు ఓ ఎనిమిది మంది ఉంటారు. రెండో వారంలో ఒకావిడ మొహమాటంగా వచ్చి, "ఏదైనా డిపార్ట్‌మెంట్ పరీక్ష రాస్తున్నారా అండీ?" అని అడిగింది. కాదండీ కథలు అంటే నమ్మలేదు. ఇంకొకాయన అట్ట తిప్పి చూసి, "రిటైరయ్యాక చదువుకోవాలండీ ఇవన్నీ" అన్నాడు. మొదట్లో సిగ్గేసేది, పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో పెట్టుకుని కూడా చదివాను ఒక రోజు. నలభై మూడేళ్ళవాడు పదిమందిలో కథల పుస్తకం చదవడానికి సిగ్గుపడటం ఏమిటో. అదే పది మందిలో గట్టిగా రీల్స్ పెట్టుకుని చూసినన్నాళ్ళూ ఏ సిగ్గూ లేదు.

దోమలకి ఓడోమస్. వీధి దీపం ఆరున్నరకి వెలుగుతుంది, కాకపోతే నా నీడ పేజీ మీద పడకుండా బండిని అడ్డంగా నిలపాలి, అది కనిపెట్టడానికి వారం పట్టింది. వేసవిలో గాడ్పు తగ్గని రోజుల్లో ఎదురింటి అరుగు మీద కూర్చోనిచ్చారు ఆ ఇంటి పెద్దావిడ. అడగ్గా అడగ్గా ఆవిడకి ఒక కథ చదివి వినిపించాను కూడా, మధ్యలో ఆవిడకి వంటింట్లో పాలు గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయారు, కథ సగంలో ఉండిపోయింది.

పైకి చదవడం గురించి చెప్పాలి. నేను పెదాలు కదుపుతూ చదువుతానని మా పాప కనిపెట్టి నవ్వేది. మానేద్దామని చూశాను, అప్పుడు చదివింది బుర్రకెక్కడం లేదు. వేగంగా చదవాలంటే పెదాలు కదపకూడదని ఎక్కడో చదివాను గానీ నాకు వేగంతో పనేముంది? కృష్ణ ఒడ్డున మనుషులు మాట్లాడుకుంటుంటే ఆ మాట నాకు వినపడాలి. కదిపే చదువుతున్నాను ఇప్పటికీ.

జూన్ 20, శుక్రవారం. ఇది తేదీతో సహా గుర్తుంది. కథలు నలభై దాకా అయ్యాయి. వాన వచ్చేలా ఉంది, మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. దీపం కింద చదువుతున్నాను. పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తే తల ఎత్తకుండానే, "ఒక్క నిమిషం" అన్నాను. కథ అయ్యాక చూస్తే పాప, శ్రుతి పెట్టె పట్టుకుని. "నాన్నా, నేనొచ్చి ఎంతసేపైందో తెలుసా? పేజీ తిప్పావు కూడా" అంది. టైము ఏడున్నర. పావుగంట నాకు తెలియకుండా పోయింది. రీల్స్‌లో కూడా టైము తెలియకుండానే పోతుంది, కానీ లేచేసరికి తల దిమ్మెక్కి, ఎవరి మీదో కోపంగా ఉండేది. ఆ రోజు ఇంటికి వెళ్తున్నంతసేపూ పాపకి ఆ కథ చెప్తూ వెళ్ళాను. పరుపు కింద నవల పోయాక అంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

ఎక్సెల్ షీటు ఆ రాత్రి డిలీట్ చేశాను.

జులైలో లైబ్రరీ. ఎందుకంటే కొన్న ఏడింటిలో నాకు నచ్చింది ఒకటే అని అప్పటికి తేలిపోయింది, రెండు పుస్తకాలు ఇరవయ్యో పేజీ దగ్గర మూసేశాను. మూయడానికి చాలా బాధపడ్డాను, డబ్బులు పెట్టాం కదా అని. చద్దన్నం పారేయడానికి ప్రాణం ఒప్పనట్టు. లైబ్రరీ పుస్తకమైతే ఆ బాధ ఉండదనిపించింది. జులై 19న మా దగ్గర్లోని లైబ్రరీకి వెళ్ళాను. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు, డిపాజిట్టూ చందా కలిపి 160. కార్డు రాసే ఆయన సెలవులో ఉన్నారు, మళ్ళీ వెళ్తే శుక్రవారం, మా లైబ్రరీకి శుక్రవారం సెలవట. కార్డు చేతికి వచ్చింది 30న, పదకొండు రోజులకి. లోపల హాలు నిండా పోటీ పరీక్షల పిల్లలు, సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. కథల బీరువాకి తాళం. తాళం చెవి వెతకడానికి ఇరవై నిమిషాలు. తెరిచాక మాత్రం నోట మాట రాలేదు, అన్నీ పేర్లు విన్న పుస్తకాలే. నేను తీసుకున్న దానికి వెనకాల తేదీలు వేసే చీటీలో ఆఖరి ముద్ర 2009. పదహారేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకం. ఆ ముద్ర కింద నా తేదీ వేస్తుంటే ఎందుకో చాలా సంతోషమేసింది.

అమరావతి నూరు కథలూ ఆగస్టు చివరికి అయ్యాయి. అయ్యాక ఓ నాలుగు రోజులు వెలితిగా ఉంది.

తర్వాత పడ్డాను. సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి, స్పేర్ పార్ట్స్ 28 నుంచి 18కి దిగాయి. పాత స్టాకుకి కొత్త రేటు, వాపసు వచ్చిన సరుకుకి ఏ రేటు, ఫోన్లే ఫోన్లు. అదే రోజు దసరా నవరాత్రులు మొదలు, బెజవాడలో దసరా అంటే తెలుసు కదా, ఇంటి నిండా కొండకి వచ్చే చుట్టాలు. సంగీతం క్లాసుకి కూడా సెలవులు. నెల రోజులు ఒక్క పేజీ లేదు. ఫోను మళ్ళీ నాలుగు గంటలు దాటింది. దీపావళి అయ్యాక అక్టోబరు 22న మళ్ళీ క్లాసు దగ్గర కూర్చుంటే, మొదటి పేజీకే చెయ్యి జేబులోకి వెళ్ళింది, ఏప్రిల్‌లో లాగే. అయ్యో మొదటికొచ్చిందే అని చాలా నీరసమొచ్చింది. కానీ ఈసారి బకాయి చూపించే షీటు లేదు. ఫోను డిక్కీలో పడేసి ఒక కథ చదివి ఇంటికొచ్చాను. రెండో వారానికి సర్దుకుంది.

అక్టోబరు 28, మంగళవారం. మొంథా తుఫాను, స్కూళ్ళకి సెలవు, షాపు మధ్యాహ్నమే కట్టేశారు. రాత్రి కరెంటు పోయింది. ఫోన్లలో చార్జింగు దాచుకోవాలని ముగ్గురం ఒప్పందం. ఛార్జింగ్ లైటు పెట్టుకుని లైబ్రరీ నుంచి తెచ్చిన 'బారిష్టర్ పార్వతీశం' చదువుతున్నాను, మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరే కథ. నాలో నేను నవ్వుకుంటుంటే పాప పైకి చదవమంది. దానిది ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, వింటే మాత్రం బాగా అర్థమవుతుంది. టోపీ కొనే దగ్గర దానికి ఎక్కిళ్ళు వచ్చేలా నవ్వింది. నేను పాత మాటల దగ్గర తడబడితే మా ఆవిడ చీకట్లోంచి సరిచేస్తోంది. ఈవిడ ఇవన్నీ ఎప్పుడు చదివిందో! అడిగితే, "పెళ్ళికి ముందు" అంది. పెళ్ళయి పదిహేనేళ్ళు. నేనెప్పుడూ అడగలేదు, ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. కరెంటు ఒంటిగంటకి వచ్చింది, అప్పటికి నా గొంతు పోయింది.

ఇప్పుడు డిసెంబరు. అడుగుతారని లెక్క చెప్తున్నాను: పూర్తి చేసినవి తొమ్మిది, మధ్యలో వదిలేసినవి ఐదు. ఖర్చు పుస్తకాలు, డాక్టరు, మూడు కళ్ళజోళ్ళు, లైబ్రరీ అన్నీ కలిపి 5,030, ఓడోమస్ కాకుండా. ఫోను రోజుకి 2 గంటల 50 నిమిషాలు, ఆదివారాలు ఇంకా ఎక్కువే. ఇరవై నాలుగు అనుకున్నవాడికి తొమ్మిది తక్కువే, కానీ ఆ తొమ్మిదింటిలో ఏ పేరు చెప్పినా ఎక్కడ కూర్చుని చదివానో చెప్పగలను. లావు నవల ఇంకా 61 దగ్గరే ఉంది. మా ఆవిడ మొన్న షోకేసులోంచి తీసింది, తను ఇప్పటికి 140 దాటింది, మధ్యాహ్నం పనయ్యాక చదువుతోంది. నా కళ్ళజోడే పెట్టుకుని. ఆవిడకీ డాక్టరు దగ్గర నంబరు రాయించాలి.

అన్నట్టు, ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, లైబ్రరీ పుస్తకం గడువు మొన్న సోమవారంతో అయిపోయింది. రోజుకి ఎంత ఫైనో కనుక్కోవాలి. రేపు వెళ్దామంటే శుక్రవారం.